కొంప మునిగిందంటే నేల తడిమి చూసే పిల్లవాడు కథ చెప్పవచ్చా?

ప్రశ్న: తంగేడుపువ్వు (హనుమకొండ)

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఒక పెద్ద కథ రాస్తున్నాను. నవలిక అవుతుందో, మధ్యలోనే ఆగిపోతుందో నాకే తెలియదు. పరకాల వైపు ఒక ఊళ్లో పత్తి పండించే కుటుంబం. తండ్రి ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తిదారు దగ్గర పెట్టుబడికి తెచ్చిన అప్పు మూడు పంటలు గడిచినా తీరలేదు. పత్తి ఆయనకే వేయాలి, ఆయన చెప్పిన ధరకే వేయాలి. తల్లి నోరు విప్పదు. కూతురికి వచ్చే సంబంధాలు గడప దాకా వచ్చి వెనక్కి పోతున్నాయి, ఎందుకంటే ఆ అమ్మాయికి పదకొండేళ్ల తమ్ముడున్నాడు, వాడికి ఆటిజం. సంబంధం వాళ్లు వచ్చిన ప్రతిసారీ వాడిని వెనక గదిలో పెట్టి గడియ వేస్తారు. కథంతా వాడే చెబుతాడు.

కథను వాడి చేతిలో పెట్టడానికి నాకున్న కారణం ఒక్కటే. ఆ ఇంట్లో పెద్దవాళ్లు ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకునే మాటలను వాడి ముందు మాత్రం దాచుకోరు. ‘వానికేం సమజైతది’ అనుకుంటారు. అప్పు ఎంతో తల్లికి తెలియదు, వాడికి తెలుసు. అక్క ఎవరితో ఫోన్లో మాట్లాడుతుందో తండ్రికి తెలియదు, వాడికి తెలుసు. తెలుసు అంటే, విన్న మాట విన్నట్టు గుర్తుంది. దాని అర్థం వాడికి వేరు. ఇలా మొదలవుతుంది:

‘అవ్వ కొంప మునిగింది అన్నది. నేను బండల మీద చెయ్యి పెట్టి చూసిన. తడి లేదు. బాపు కూసున్న కాడ చూసిన. తడి లేదు. గోలెం కాడ ఉన్నది. గోలెం కాడ రోజూ ఉంటది.’

చదివిన ఇద్దరు మిత్రులు రెండు రకాలుగా అన్నారు. అటువంటి పిల్లవాడు ఇంత పొందికగా చెప్పలేడు కనుక ఇది అబద్ధంగా ఉందని ఒకరు, ఇంట్లో ఏం జరుగుతున్నదో తేలక విసుగు వస్తున్నదని మరొకరు. ఒకరి మాట వింటే భాషను ఇంకా ముక్కలు చేయాలి, రెండవవారి మాట వింటే వాడి చేత అన్నీ విడమరచి చెప్పించాలి. దీనికి తోడు ముగింపు విషయంలోనూ నాకు అనుమానంగా ఉంది. కొట్టంలో తన చోట ఉండవలసిన పురుగుమందు డబ్బా ఒక సాయంత్రం అక్కడ లేదని వాడు గమనిస్తాడు, వెతుక్కుంటూ బావి దగ్గరికి పోతాడు, తండ్రి ప్రాణం నిలుస్తుంది. ఇది సరైన ముగింపేనా? ఇటువంటి కథనాలు చదివినవారు, అటువంటి పిల్లలతో ఉన్నవారు చెప్పగలరని అడుగుతున్నాను.


జవాబు: పాతపాఠం (కాజీపేట)

ముప్పై ఏళ్లు ఆంగ్ల సాహిత్యం పాఠం చెప్పినవాడిని కనుక నాకు తెలిసిన చోటి నుంచే మొదలుపెడతాను. మీ మొదటి మిత్రుడి అభ్యంతరం పాతదే. దానికి ఫాక్‌నర్ 1929లో వచ్చిన ‘ది సౌండ్ అండ్ ది ఫ్యూరీ’లో ఒక సమాధానం ఇచ్చాడు. ఆ నవల మొదటి భాగం చెప్పే బెంజీకి 33 ఏళ్లు, కానీ మనసు పసిపిల్లవాడిది. వాడికి మాటే రాదు. మూలుగుతాడు, ఏడుస్తాడు, అంతే. అయినా ఆ భాగమంతా మాటలలోనే ఉంది. అంటే అక్కడున్నది వాడు పలికిన మాట కాదు, వాడు చూసిన, విన్న, వాసన పట్టిన లోకానికి రచయిత తొడిగిన మాట. ఆ ఒప్పందాన్ని మొదటి పుటలోనే పాఠకుడి చేత ఒప్పించి, చివరి దాకా తప్పకుండా ఉంటే ‘వాడు ఇలా మాట్లాడగలడా’ అనే ప్రశ్న పుట్టదు.

ఆ మొదటి పుట ఎలా ఉంటుందో చెప్పకుండా ఉండలేను. బెంజీ కంచె అవతలికి చూస్తుంటాడు, అక్కడ గోల్ఫ్ ఆడేవాళ్లు బంతులు మోసే పనివాడిని ‘క్యాడీ’ అని పిలుస్తారు, వీడు ఏడుపు అందుకుంటాడు. వీడి అక్క పేరు క్యాడీ, ఆమె ఆ ఇంట్లో లేదు. ఆ గోల్ఫ్ మైదానం ఒకప్పుడు వీళ్ల పచ్చిక బీడు; పెద్దకొడుకు చదువు కోసం తల్లిదండ్రులు దాన్ని అమ్మేశారు. భూమి పోవడం, అక్క పోవడం, ఇల్లు చెదిరిపోవడం, ఇవేవీ బెంజీ చెప్పడు. ఒక పిలుపు విని ఏడుస్తాడు, తక్కినదంతా మనం పుటలు తిప్పుతూ పోగుచేసుకోవాలి. ఊరి చివరి చేలు అమ్ముడుపోయి వెంచర్లయి, హద్దురాళ్లకు తెల్లరంగు పడ్డ మన జిల్లాలో ఈ దృశ్యాన్ని అర్థం చేసుకోవడానికి లెక్చరర్ అక్కరలేదు. ఇంకొకటి: వాడికి పుట్టినప్పుడు పెట్టిన పేరు బెంజమిన్ కాదు, మేనమామ పేరైన మారీ అని పెట్టారు, పిల్లవాడి సంగతి తెలిశాక ఆ మచ్చ తన పుట్టింటి పేరుకు తగలకూడదని తల్లి మార్పించింది. మీ కథలో వెనక గదికి వేసిన గడియకు, ఆ పేరు మార్పిడికి నాకు పెద్ద తేడా కనిపించలేదు.

రెండవ దారి మార్క్ హాడన్ 2003లో ‘ది క్యూరియస్ ఇన్సిడెంట్ ఆఫ్ ది డాగ్ ఇన్ ది నైట్-టైమ్’లో వేసినది. ఆ నవలలో పదిహేనేళ్ల క్రిస్టఫర్ తానే పుస్తకం రాస్తున్నట్టు చెబుతాడు, బడిలో టీచర్ సాయం చేస్తుంటుంది, అధ్యాయాలకు వరుస సంఖ్యలకు బదులు 2, 3, 5, 7, 11 అని ప్రధాన సంఖ్యలు వేసుకుంటాడు. తల్లి చనిపోయిందని తండ్రి చెప్పాడు. తర్వాత తండ్రి బట్టల అలమరలో తల్లి రాసిన ఉత్తరాలు దొరుకుతాయి, వాటి మీద తేదీలు ఆమె ‘పోయిన’ తర్వాతివి. చదివే మనకు మొదటి ఉత్తరంతోనే కథ మొత్తం తెలిసిపోతుంది, వాడు మాత్రం అది వేరే ఎవరిదో ఉత్తరమేమోనని ఆలోచిస్తుంటాడు. ఆ కాసేపు పాఠకుడు పడే యాతన ఏ పెద్దవాడు చెప్పిన కథలోనూ రాదు.

కనుక మీ రెండవ మిత్రుడి విసుగుకు మందు విడమరచి చెప్పడం కాదు. వాడు చెప్పే వస్తువులే పాఠకుడికి దారి చూపేలా ఎంచుకోవాలి. నేల తడి మంచి ఎంపిక. ‘గోలెం కాడ రోజూ ఉంటది’ అన్న వాక్యంలో వాడి తర్కం నిక్కచ్చిగా ఉంది, ఇల్లు కూలిపోతున్నదని కూడా అందులోనే ఉంది. ముగింపు గురించి నాకు అభ్యంతరం లేదు.


జవాబు: గునుగు (కరీంనగర్)

నాకు ఉంది. సాహిత్యం నాకు అంతగా తెలియదు. ఆటిజం ఉన్న పద్నాలుగేళ్ల కొడుకు ఉన్నాడు, ఆ లెక్కన రాస్తున్నాను.

ముందు మాటలు సరిచేసుకుందాం, ఎందుకంటే పైన రాసిన మీరిద్దరూ కలిసి ముగ్గురు పిల్లలను ఒకే గంపలో వేశారు. ఆటిజం వేరు, బుద్ధి ఎదుగుదలలో లోపం వేరు. రెండూ ఒకే బిడ్డలో ఉండవచ్చు, ఉండకపోనూవచ్చు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాలే ఉండేవి, వాటిలో ఆటిజం లేదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఆ పేరు కనిపించింది, 2016 చట్టం 21 రకాలను గుర్తించినప్పుడు ఆటిజాన్నీ, మేధో వైకల్యాన్నీ రెండుగా చూపించింది. ఇది కథకెందుకు అంటే, తంగేడుపువ్వు గారూ, మీ కథ ఏ ఏడాది జరుగుతుందో మీరు చెప్పలేదు. 1990లలో జరిగితే ఆ ఊళ్లో ఎవరి నోటా ‘ఆటిజం’ అనే మాట రాదు. ‘ఎడ్డోడు’ అంటారు, ‘సోయి లేదు’ అంటారు, ‘దేవునికి మొక్కు తప్పిండ్రు’ అంటారు. ఇప్పటి కథ అయితే వైకల్యం ఎంతో డాక్టర్లు తేల్చే సదరం శిబిరం ఉంటుంది, కాగితం మీద ఒక శాతం ఉంటుంది, ఆ శాతం 40కి చేరిందా లేదా అన్న మాట ఇంట్లో నలుగుతుంది. క్రిస్టఫర్ తన కథలో ఆటిజం అనే మాటే వాడడని మా చెల్లెలు చెప్పింది. అది మంచి పద్ధతి. వాడికి తన గురించి పేరు అక్కరలేదు, పేరు కావలసింది చుట్టాలకు.

రెండవది, ‘విన్న మాట విన్నట్టు’ అన్నారు కదా, అది నిజంగా ఎలా ఉంటుందో చెబుతాను. మా వాడికి ఆకలైతే ‘నీకు అన్నం కావాల్నా?’ అంటాడు. నేను వాడిని రోజూ అడిగే మాట అది. ఆ మాట వచ్చినప్పుడు అన్నం వస్తుంది కనుక అన్నం కావాలంటే ఆ మాటే అనాలని వాడి లెక్క. ఆరేళ్ల వయసులో ఒకసారి చుట్టాల ఇంట్లో అలా అడిగితే ఆ ఇంటావిడ ‘నాకొద్దు బిడ్డా, తిన్న’ అని మురిసిపోయింది. వాడు ఇంకో గంట ఆకలితో ఉన్నాడు. మీ కథలో పిల్లవాడు తన కోరికలన్నీ ఇతరుల ప్రశ్నలుగానే అడిగితే, పెద్దవాళ్లు మర్యాదగా జవాబు చెప్పి వెళ్లిపోతుంటే, ఆ ఇంట్లో వాడు ఎంత ఒంటరివాడో ఏ వర్ణనా లేకుండా తెలుస్తుంది.

ఇంకా, మా వాడు కుక్కర్ రెండవ విజిల్ రాకముందే చెవులు మూసుకుంటాడు, మొదటిదానికి కాదు. ఎందుకో తెలియడానికి నాకు పదేళ్లు పట్టింది: మొదటిది ఎప్పుడు వస్తుందో తెలియదు కనుక అది వచ్చి పోతుంది, రెండవది వస్తుందని తెలుసు కనుక దాని కోసం ఎదురుచూడడమే బాధ. మీ వాడికి కూడా ఇటువంటి సొంత భయం, సొంత ఇష్టం ఏదో ఒకటి ఇవ్వండి. ఇప్పుడున్న రూపంలో వాడు ఇంటి గుట్టును రికార్డు చేసే ఫోను లాగా ఉన్నాడు. అప్పు తండ్రిది, సంబంధం అక్కది, దుఃఖం తల్లిది, వాడిదేది?

ఇక ముగింపు. వాడు తండ్రిని కాపాడకూడదు. ఇటువంటి పిల్లలున్న కథలు నేను చూసినంతలో రెండే రకాలుగా ముగుస్తాయి. పిల్లవాడు చచ్చిపోయి అందరికీ బుద్ధి వస్తుంది, లేదా ఏదో అద్భుతం చేసి ‘చూశారా, వీడు కూడా పనికివచ్చాడు’ అనిపించుకుంటాడు. మా ఇంటికి వచ్చే ప్రతివారూ ‘లెక్కలు బాగా చేస్తడా? పాటలు పాడుతడా?’ అని అడుగుతారు. ఏదో ఒక ఘనత చూపిస్తే తప్ప వాడిని కూర్చోబెట్టుకోరు. తండ్రి ప్రాణం నిలబెట్టి వాడు ఆ ఇంట్లో ఉండే హక్కు సంపాదించుకున్నట్టు రాయకండి. వాడికి ఆ హక్కు ముందే ఉంది.


జవాబు: అచ్చుతప్పు (వరంగల్)

ప్రూఫులు దిద్దే పనిలో ఉన్నాను, కనుక నా బాధ భాష గురించి. మొదటి మిత్రుడి సలహా విని భాషను ముక్కలు చేస్తే జరిగే ప్రమాదం ఒకటుంది, అది ఆంగ్లంలో రాసేవారికి లేదు.

డేనియల్ కీస్ ‘ఫ్లవర్స్ ఫర్ ఆల్జెర్నాన్’ను 1959లో కథగా, 1966లో నవలగా రాశాడు. అందులో చార్లీ రాసుకునే నివేదికలు మొదట తప్పుల తడకగా ఉంటాయి. శస్త్రచికిత్స తర్వాత స్పెల్లింగు బాగుపడుతుంది, తెలివి జారిపోయేకొద్దీ మళ్లీ చెడుతుంది. అక్కడ అక్షరదోషమే కథ. మన లిపిలో ఆ ఉపాయం అంతగా పనిచేయదు. మనం చాలావరకు పలికినట్టు రాస్తాం. రాత మారిందంటే చాలాచోట్ల పలుకు మారినట్టే. ‘వచ్చాడు’ను ‘వచ్చిండు’ అని, ‘కూర్చున్నాడు’ను ‘కూసున్నడు’ అని రాస్తే అది తప్పు కాదు, అది పరకాల. కానీ మన భాషను సినిమాలో విదూషకుడికి, రౌడీకి పెట్టి దశాబ్దాలుగా నవ్వుకున్న పాఠకులు కూడా ఈ కథ చదువుతారు. పిల్లవాడి కథనం ఊరి భాషలో ఉండి, ఇతరుల సంభాషణ పుస్తకాల భాషలో ఉంటే, ఊరి భాషే వాడి లోపానికి గుర్తుగా కనబడుతుంది. కాళోజీ ‘బడిపలుకుల భాష’ వద్దు, ‘పలుకుబడుల భాష’ కావాలన్నది ఇటువంటి చోటే గుర్తుకు రావాలి. ఇంటిల్లిపాదీ ఒకే భాష మాట్లాడాలి, డాక్టరూ, అడ్తిదారూ సహా. అప్పుడు వాడి తేడా యాసలో కాకుండా వాక్యం కట్టే తీరులో తెలుస్తుంది.

అందుకు తెలుగులో మంచి సరంజామా ఉంది. ఒకటి ‘అట’. ‘అక్కకు సంబంధం కుదిరిందట’ అనాలంటే, ఇది నేను చూసినది కాదు, ఎవరో చెప్పినది అనే లెక్క లోపల జరగాలి. ఆ లెక్క వేయని పిల్లవాడి వాక్యాలలో ‘అట’ ఉండదు. తండ్రి ‘ఈసారి అప్పు తీరుతది’ అన్నాడు, వాడు ‘ఈసారి అప్పు తీరింది’ అని చెబుతాడు. పెద్దవాళ్ల అబద్ధాలూ, ఆశలూ వాడి నోట జరిగిపోయిన సంగతులవుతాయి. మీ ప్రతిలో ‘అట’ ఎన్నిసార్లు వచ్చిందో చూసుకోండి. పంపిన నాలుగు ముక్కల్లో లేదు, కనుక మీ చెవి ముందే పట్టుకుందనుకుంటున్నాను.

రెండవది ‘మనం’, ‘మేము’. ఆంగ్లంలో రెంటికీ ఒకటే మాట. తండ్రి అడ్తిదారుతో ‘మా ఇల్లు’ అంటాడు, తల్లితో ‘మన ఇల్లు’ అంటాడు. మాటను మాటగా పట్టుకునే పిల్లవాడికి ఇవి రెండు ఇళ్లు కావచ్చు. ఒకటి తాకట్టులో ఉంది, రెండవదానిలో వీళ్లు ఉంటున్నారు. తాకట్టు పెట్టిన ఆ ‘మా ఇల్లు’ ఎక్కడుందో వెతకడమే వాడి సొంత పని కావచ్చు. గునుగు గారు అడిగిన ‘వాడిదేది’ అనే ప్రశ్నకు ఇది ఒక జవాబేమో.


జవాబు: పాతపాఠం (కాజీపేట)

గునుగు గారు నా చివరి వాక్యాన్ని పట్టుకున్నారు, సబబే. అయితే ముగింపు మొత్తం తీసేయనవసరం లేదనుకుంటాను. డబ్బా తన చోట లేకపోవడం వాడికి ఇబ్బంది, అది వాడి సొంత ఇబ్బంది, తండ్రితో నిమిత్తం లేనిది. వాడు డబ్బాను వెతికి తెచ్చి తన చోట పెట్టడం దాకా రాయవచ్చు. దాన్ని కాపాడడం అని పిలవవలసింది రచయిత్రి కాదు, వాడు అసలే కాదు. ఆ పేరు పెట్టే పని పాఠకుడికి వదిలేయండి, వాడు పెట్టకపోయినా నష్టం లేదు.


జవాబు: తంగేడుపువ్వు (హనుమకొండ)

అందరికీ కృతజ్ఞతలు. నాలుగు రోజులు ప్రతి ముట్టుకోలేదు, తర్వాత కూర్చుని చాలా కొట్టేశాను. కథ ఇప్పటి కాలంలోదే, కనుక సదరం ఘట్టం కొత్తగా రాశాను:

‘డాక్టరు సారు కాయితం మీద 70 అని రాసిండు. అక్కకు పదో తరగతిల 62 వచ్చినయి. నాకే ఎక్కువ వచ్చినయి. అవ్వ ఏడ్చింది. అక్కకు తక్కువ వచ్చినయని ఏడ్చింది.’

‘అట’ వెతికాను. మొత్తం ప్రతిలో పదిహేడు చోట్ల ఉంది. అన్నీ నేను రాత్రిపూట అలసిపోయి రాసిన పుటల్లోనే, అంటే వాడిని మరిచి నేనే కథ చెప్పిన చోట్ల. తీసేశాను. డాక్టరు చేత పుస్తకాల భాష మాట్లాడించడం మానేశాను. రెండు ఇళ్ల సంగతి నా ఊహకు అందనిది. దాన్ని ఇంకా పూర్తిగా వాడుకోలేకపోయాను, కానీ వాడు ఒక ఆదివారం పూట ‘మా ఇల్లు’ చూడడానికి బయలుదేరి పరకాల బస్టాండు దాకా పోయే అధ్యాయం ఒకటి మొదలుపెట్టాను.

వెనక గది విషయంలో గునుగు గారి మాట విన్న తర్వాత ఒకటి తట్టింది. నేను గడియ వేసిన చప్పుడును వాడికి దుఃఖంగా రాశాను. అది నా దుఃఖం. వాడికి ఆ గదిలో మనుషుల చప్పుడు ఉండదు, వడ్ల బస్తాల వాసన ఉంటుంది, కిటికీ చువ్వలు తొమ్మిది. వాడికి సంబంధం వాళ్లు రావడం ఇష్టం. ఇది రాసిన తర్వాత ఆ ఘట్టం చదవడం నాకే కష్టమైంది.

ముగింపు ఇప్పుడిలా ఉంది:

‘మందు డబ్బ దాని జాగల లేదు. దాని జాగ కొట్టంల మూడో అర. బాయి కాడ బాపు పక్కన ఉన్నది. నేను తెచ్చిన. మూడో అరల పెట్టిన. పురుగు బొమ్మ ఇటు దిక్కు చూడాలె, తిప్పి పెట్టిన. అవ్వ వచ్చి కొట్టింది. మందు డబ్బ ముట్టినవా అని కొట్టింది. బాపు బాయి కాన్నుంచి వచ్చి కొట్టంల నిలబడ్డడు. మూడో అర దిక్కే చూసిండు. బాపును ఎవరు కొట్టలే.’


జవాబు: గునుగు (కరీంనగర్)

చివరి వాక్యం ఉంచండి. ఒక్కటి మాత్రం విడిచిపెట్టారు. పిల్లవాడు పురుగుమందు డబ్బా ముట్టుకుంటే ఏ తల్లీ కొట్టి ఊరుకోదు, జబ్బ పట్టుకుని గోలెం దగ్గరికి ఈడ్చుకుపోయి మోచేతుల దాకా సబ్బుతో రుద్దుతుంది, గోళ్లలోంచి కూడా రుద్దుతుంది. ఆ రోజు గోలెం దగ్గర తడి రోజూ ఉండేదానికన్నా ఎక్కువగా ఉంటుంది. వాడు చూస్తాడు.